వెండి నీళ్ళతో రోగం పోదు, పొద్దు పోతుంది



ఈసారి పంట గురించి కాదు, దొడ్డి గురించి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే. గొడ్లకు మేత వేసి, తీరిగ్గా కూర్చుని చదవండి.

కొన్నాళ్ళుగా మన వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతా ఉంది. కొల్లాయిడల్ సిల్వర్ అంట. మనవాళ్ళు వెండి నీళ్ళు అంటున్నారు. "ఇది మందు కాదు, ప్రకృతి ఇచ్చిన వరం. కెమికల్ లేదు, సైడ్ ఎఫెక్ట్ లేదు. 650 రకాల క్రిములను చంపుతుంది. కుక్క రక్తం పారినా, పిల్లికి కళ్ళు పుసులు కట్టినా, దూడ పారినా, గొర్రె దగ్గినా రోజుకు రెండు మూతలు తాపండి చాలు" అని ఆ మెసేజ్. మొదట పట్నాల్లో కుక్కలు, పిల్లులు పెంచుకునేవాళ్ళకు అమ్మారు. అక్కడి నుంచి మన కాపలా కుక్కల దాకా వచ్చింది. మొన్న మా ఊరికి ఒకతను సంచిలో సీసాలు వేసుకుని బైకు మీదే వచ్చినాడు. సీసా 350 రూపాయలు.

మనకు కుక్క అంటే సోఫా మీద పడుకునే కుక్క కాదు. రాత్రి వేరుశనగ చేలో అడవి పంది పడితే ముందు మొరిగేది అదే. మంద దగ్గరికి తోడేలు వస్తే ఎదురు పొయ్యేది అదే. మన అన్నంలో రెండు ముద్దలు తిని మన పంటనంతా కాచే జీవి. దానికి జబ్బు చేస్తే ఏం తాపుతున్నామో చూసుకోవద్దా?

నా మాట ముందే చెప్పేస్తా. వెండి నీళ్ళు తాపితే రోగం పోదు. పొయ్యేది పొద్దు. ఆ పోయిన రెండు మూడు రోజులే జీవాన్ని చంపుతున్నాయి.

ముందు ఈ "సహజం" అనే మాట సంగతి చూద్దాం. మనకు తెలిసిన సహజం ఏంది? ఆకు, బెరడు, వేరు, దుంప. వెండి నీళ్ళు ఏ చెట్టుకూ కాయవు, ఏ ఊటలోనూ ఊరవు. తయారీ ఎట్లాగంటే, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు మూడు కలిపి, రెండు వెండి తీగలు తగిలించి, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి కరెంటు పంపుతారు. తీగల నుంచి కంటికి కనపడని వెండి రేణువులు నీళ్ళలోకి దిగుతాయి. ఇంతే. దీన్ని సహజం అంటే మన బోరు కాడ స్టార్టరు డబ్బా కూడా సహజమే.

అసలు సహజమైతే మాత్రం మంచిదని ఎవరు చెప్పినారు? గన్నేరు సహజం కాదా? ఉమ్మెత్త సహజం కాదా? వానలేక వాడిన లేత జొన్న మేసి నాము పట్టి గొడ్డు పడిపోతే, ఆ జొన్న ఫ్యాక్టరీలో తయారైందా? సహజమా కాదా అనేది మనం అడగాల్సిన ప్రశ్న కాదు. ఏ రోగానికి, ఎంత మోతాదు, ఎవరు పరీక్షించారు, తేడా వస్తే ఎవరు జవాబుదారీ? ఇవీ అడగాల్సినవి.

"650 రకాల క్రిములను చంపుతుంది" అనే మాట చూద్దాం. గాజు గ్లాసులో వెండి సూక్ష్మజీవులను చంపుతుంది. ఇది నిజం, నేను కాదనను. నీళ్ళ ఫిల్టర్లలో కొన్నింటికి వెండి పూత అందుకే వేస్తారు. కాలిన గాయాలకు ఆస్పత్రిలో రాసే తెల్లటి క్రీము సిల్వర్ సల్ఫాడయజిన్, అందులో ఉండేది వెండి మందే. 1880ల్లో జర్మనీలో క్రెడే అనే డాక్టరు పుట్టిన బిడ్డల కళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి ఎంతోమందికి చూపు నిలబెట్టినాడు. ఇవన్నీ పైపై వాడకాలు. ఒక పని, ఒక మోతాదు, ఒక చోటు.

కానీ గ్లాసులో చంపిందని కడుపులోకి తాపితే పని చేస్తుందా? గ్లాసులో ఫినాయిల్ కూడా చంపుతుంది. బ్లీచింగ్ పౌడరు కూడా చంపుతుంది. దూడకు తాపుతామా?

ఇంటర్ బైపీసీ చదివినవాళ్ళకు కెమిస్ట్రీ ల్యాబు గుర్తుండే ఉంటుంది. ఉప్పు కలిపిన నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ రెండు చుక్కలు వేస్తే పెరుగు తరకల్లా తెల్లగా విరిగి అడుగుకు దిగుతుంది. దాన్ని సిల్వర్ క్లోరైడ్ అంటారు, నీళ్ళలో కరగదు. ఇప్పుడు ఆలోచించండి. కడుపులో ఉండే ఆమ్లం హైడ్రోక్లోరిక్ ఆమ్లం. నెత్తుట్లో ఉప్పు ఉంటుంది. తాపిన నీళ్ళలో కరిగి ఉన్న వెండికి కడుపులో పడగానే అదే గతి. మిగిలిన కొంచెం మాంసకృత్తులకు అతుక్కుంటుంది. ఇంక ఇది పేగులు, రక్తం, ఊపిరితిత్తులు దాటుకుంటా పోయి రోగాన్ని వెతికి చంపుతుందంటే ఎట్లా నమ్మాలి? గ్లాసులో కుస్తీ వేరు, ఒంట్లో కుస్తీ వేరు.

లెక్క కూడా చూద్దాం, మనకు లెక్క ముఖ్యం కదా. ఆ సీసా మీద 10 పీపీఎం అని ఉంది. పీపీఎం అంటే పది లక్షల్లో ఒక వంతు. అంటే లీటరు నీళ్ళలో 10 మిల్లీగ్రాముల వెండి. సీసా 100 మిల్లీలీటర్లు, అంటే అందులో వెండి ఒక్క మిల్లీగ్రాము. కిలో వెండి రెండు లక్షలని లెక్కేసినా గ్రాము 200 రూపాయలు, మిల్లీగ్రాము 20 పైసలు. 20 పైసల వెండికి 350 రూపాయలు! తక్కిన 349 రూపాయల 80 పైసలు మన భయానికి కడుతున్నాం.

అది కూడా సీసా మీద రాసింది నిజమనుకుంటేనే. లోపల 10 ఉందో, 500 ఉందో, వట్టి నీళ్ళే ఉన్నాయో కొలిచినవాడు ఎవడు?

"పోనీలే అన్నా, వట్టి నీళ్ళే అయితే నష్టం ఏముంది" అంటారు కొందరు. తేలిగ్గా ఉంటే నష్టం పొద్దుది. చిక్కగా ఉంటే నష్టం ఒంటిది కూడా. ఒంట్లో చేరిన వెండి చర్మం కింద పేరుకుంటుంది, వెలుతురు తగిలితే నల్లబడుతుంది. పాతకాలం ఫోటో ఫిల్ము మీద పూసిందీ వెండి లవణమే, వెలుతురుకు నల్లబడే గుణం దానిది. మనుషుల్లో ఈ జబ్బును ఆర్జీరియా అంటారు. ఒళ్ళు నీలి బూడిద రంగుకు తిరిగి, జన్మలో మళ్ళీ మామూలు కాదు. అమెరికాలో పాల్ కారసన్ అనే ఆయన ఇంట్లో చేసుకున్న వెండి నీళ్ళు ఏళ్ళ తరబడి తాగి నీలి మనిషిగా టీవీల్లో కనిపించినాడు, 2013లో చనిపోయేదాకా ఆ రంగు పోలేదు. మోంటానా రాష్ట్రంలో స్టాన్ జోన్స్ అనే రాజకీయ నాయకుడు, 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోయి యాంటీబయాటిక్ మందులు దొరకవేమో అని భయపడి, 1999లో వెండి నీళ్ళు తాగడం మొదలుపెట్టినాడు. 2002లో సెనేట్ ఎన్నికల్లో నిలబడేసరికి ముఖం బూడిద రంగు.

ఆ దేశపు మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చేసింది, వెండి కలిపిన ఇట్లాంటి మందులు ఏ రోగానికీ సురక్షితమనీ, పని చేస్తాయనీ ఒప్పుకోలేమని. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి ఇవే నీళ్ళు అమ్మిన జిమ్ బాకర్ టీవీ కార్యక్రమానికీ, ఇంకొన్ని కంపెనీలకూ హెచ్చరిక లేఖలు పంపింది. అక్కడ తరిమితే ఇక్కడికి వచ్చింది, అది కూడా నోరు లేని జీవాల పేరు చెప్పుకుని. మనిషికి ముఖం నల్లబడితే అద్దంలో చూసుకుంటాడు, డాక్టరు దగ్గరికి పోతాడు. కుక్కకు ఒళ్ళంతా బొచ్చు, అద్దం లేదు, చెప్పుకునే మాట లేదు.

ఇంకో సంగతి. డాక్టరు రాసిన మందు వేస్తూనే "దీంతో పాటు ఇదీ" అని వెండి నీళ్ళు తాపేవాళ్ళున్నారు. కొన్ని యాంటీబయాటిక్ మందులు ఒంటికి సరిగా పట్టకుండా వెండి అడ్డం పడుతుంది. అంటే పని చెయ్యని నీళ్ళు, పని చేసే మందును కూడా చెడగొడతాయి.

ఇప్పుడు పొద్దు సంగతి. అసలు నష్టం ఇదే.

మా వీధిలో ఒక తమ్ముడు మూడు నెలల కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. టీకా వెయ్యలేదు. సోమవారం కూడు ముట్టలేదు, సాయంత్రానికి వాంతులు. మంగళవారం రక్తం కలిసిన విరోచనాలు, దూరం నుంచే తెలిసే నీచు వాసన. పార్వో లక్షణాలు అవి. అతను గ్రూపులో అడిగితే ఎవరో వెండి నీళ్ళు అన్నారు. మూతలతో తాపినాడు, వాంతి చేసుకుంది. మళ్ళీ తాపినాడు. బుధవారం సాయంత్రం పశువుల ఆస్పత్రికి తీసుకపోయేసరికి నోరు చల్లబడి, చర్మం పట్టుకుంటే పట్టుకున్నట్టే నిలబడిపోయింది. డాక్టరమ్మ సెలైన్ ఎక్కించడానికి నరం వెతికింది, దొరకలేదు. తెల్లవారేలోపు పోయింది.

పార్వో వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు. వెండి కాదు, ఏదీ లేదు. ఆ వైరస్ పేగు లోపలి పొరను తినేస్తుంది. పిల్ల చచ్చేది ఎక్కువగా ఒంట్లో నీళ్ళు ఇంకిపోయి, పేగులోని క్రిములు నెత్తుట్లోకి దిగి. అందుకే మొదటి రోజే సెలైన్ పెట్టాలి, వాంతులు కట్టాలి, పైన పడే క్రిములకు ఇంజెక్షన్ ఇవ్వాలి. ఆ మూడు రోజులు పిల్లను నిలబెడితే దాని ఒళ్ళే వైరస్‌ను గెలుస్తుంది. సమయానికి పోతే బతికే పిల్లలు చాలా ఉన్నాయి. అట్లాంటి చోట ఒకటిన్నర రోజు మూతలు లెక్కపెడితే ఏమవుతుంది? పైగా వాంతి చేసుకునే పిల్లకు బలవంతంగా పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దూడకు తలెత్తి మందు పోసినప్పుడు దగ్గు వస్తే ఎట్లా భయపడతామో, ఇదీ అంతే.

టీకా అయితే పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకసారి, పదహారు వారాలు నిండేదాకా వెయ్యాలి. దానికయ్యే ఖర్చు ఆ వెండి సీసాలకు పెట్టే ఖర్చుతో పోల్చుకోండి.

కుక్క పోతే ఒక కుక్కే అనుకుంటారేమో. అదే సీసా ఇప్పుడు గేదెలకూ, గొర్రెలకూ చెప్తున్నారు. తొలకరి వానలకు గేదెకు గొంతువాపు వస్తే మనకు ఉండేది గంటలు, రోజులు కాదు. పొద్దున మేత మానితే రేపు పొద్దుటికి ఉండకపోవచ్చు. లక్ష రూపాయల గేదె ముందు నిలబడి మూత కొలిచే టైము ఉందా మనకు? గొర్రెలకు చిటుకు రోగమైతే అంత టైము కూడా ఇవ్వదు. వీటికి వానలకు ముందే వేసే టీకాలున్నాయి, ప్రభుత్వమే వేస్తుంది.

అన్నిటికన్నా భయమేసింది ఇంకోటి. ఒక మెసేజ్‌లో "పిచ్చి కుక్క కరిచినా గాయం మీద వెండి నీళ్ళు చల్లితే విషం పోతుంది" అని ఉంది. ఇది రాసినవాడిది హత్యతో సమానమైన పని. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా, జీవానికైనా చావు తప్పదు, వైద్యం లేదు. పాశ్చర్ 1885లో టీకా వేసి చూపించినప్పటి నుంచి ప్రపంచానికి తెలిసిన దారి ఒకటే: లక్షణాలు రాకముందే టీకా. కరిచిన వెంటనే కుళాయి కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. అదే రోజు పీహెచ్‌సీకి పోవాలి. చెప్పిన తేదీల్లో అన్ని సూదులూ వేయించుకోవాలి, గాయం లోతుగా ఉంటే సీరం కూడా. పసరు, సున్నం, కారం, వెండి, ఏదీ పెట్టొద్దు. మన కుక్కకు ఏటా టీకా వేయిస్తే మన పిల్లలను కాపాడుకున్నట్టు. జూలై 6న జూనోసిస్ దినం అని పశువుల ఆస్పత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. ఆ రోజు కుక్కను తాడు కట్టి తీసుకపోవడానికి సిగ్గు ఎందుకు?

ఇంక వాళ్ళు అనే మాటలకు ఒక్కొక్కటిగా జవాబు చెప్తా.

"మా కుక్కకు తగ్గింది కదన్నా!" తగ్గి ఉండొచ్చు. మామూలు విరోచనాలు రెండు రోజుల్లో వాటంతటవే కడతాయి. చిన్న పుండు మానుతుంది. వాన పడి పైరు పచ్చబడితే, ముందు రోజు టానిక్ కొట్టించిన కంపెనీవాడు మా మందే అనడం మనం చూడలేదా? తగ్గినవాడు గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడతాడు. చచ్చిన కుక్క యజమాని పెట్టడు, గుంత తీసి పూడ్చిపెట్టి ఊరుకుంటాడు. అందుకే గ్రూపులో అన్నీ తగ్గినవే కనిపిస్తాయి.

"పెద్దలు బిడ్డకు వెండి గిన్నెలో అన్నం పెట్టలేదా?" పెట్టినారు. గిన్నె వేరు, గిన్నెను కరిగించి తాగడం వేరు. రాగి చెంబులో నీళ్ళు మంచివని మైలుతుత్తం కలుపుకుని తాగుతామా?

"యాంటీబయాటిక్‌లు మంచివా మరి?" విచ్చలవిడిగా వాడితే మంచివి కావు. జ్వరమొచ్చిన ప్రతి గొడ్డుకూ పెద్ద సూది వెయ్యడం, వేసిన మర్నాడే పాలు కేంద్రానికి పొయ్యడం, రెండూ తప్పే. నేనూ దాని మీద కొట్లాడేవాణ్ణే. కానీ ఒక తేడా గమనించండి. డైక్లోఫెనాక్ వేసిన గొడ్ల కళేబరాలు తిని రాబందులు చస్తున్నాయని తేలితే, 2006లో పశువులకు ఆ మందు ఆపేశారు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్ళకు, పశువులకు వాడొద్దని 2019లో నిషేధించారు. మందు అన్నాక పేరుంటుంది, లెక్కుంటుంది, తప్పు తేలితే ఆపే దారి ఉంటుంది. వెండి నీళ్ళను ఎవడు ఆపాలి? "ఇది మందు కాదు" అని ముందే తప్పుకుంటున్నాడు కదా అమ్మేవాడు! పైగా వెండికి క్రిములు అలవాటు పడవని చెప్తారు. వెండికి లొంగని క్రిములను కాలిన గాయాల వార్డులో 1975లోనే పట్టుకున్నారు.

"నువ్వు నాటు వైద్యానికి వ్యతిరేకివా?" కాదు. పొదుగు వాపుకు కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు నూరి, నీళ్ళు కలిపి పలచగా చేసి, పాలన్నీ పిండేసి కడిగిన పొదుగుకు రోజుకు ఎనిమిది పది సార్లు, ఐదు రోజులు రాయమని జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, ఎన్‌డీడీబీనే చెప్తోంది. అది మన పెరటి వస్తువు. కొలత ఉంది, పద్ధతి ఉంది, చెప్పిన సంస్థకు చిరునామా ఉంది. ఏదీ దాచిపెట్టలేదు, సీసాకు 350 అడగలేదు. అది నాటు వైద్యం. సీసాలో కరెంటు నీళ్ళు అమ్మేది వ్యాపారం. నాటు వైద్యం గౌరవాన్ని వీళ్ళు దొంగిలించుకుని పోతున్నారు, అది నాకు ఎక్కువ మంట.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ సీసాలు ఎక్కడ అమ్ముడుపోతున్నాయి? డాక్టరు లేని చోట. ఒక్క డాక్టరుకు అన్ని ఊళ్ళు. ఆస్పత్రికి పోతే మందు బయట కొనుక్కోమంటారు. కుక్కను తీసుకపోతే "ఇంతోటి కుక్కకు ఎందుకు" అనే కాంపౌండర్లూ ఉన్నారు. ఆ తమ్ముణ్ణి నేను తప్పుపట్టను. అర్ధరాత్రి జీవం కళ్ళముందు కొట్టుకుంటుంటే చేతికి దొరికిందే మందు. కానీ డాక్టరు లేకపోతే డాక్టరు కోసం కొట్లాడాలి. ఖాళీ పోస్టు గురించి గ్రామసభలో లేచి అడగాలి. ఆ ఖాళీని సీసాతో పూడ్చుకుంటే ఖాళీ ఖాళీగానే ఉంటుంది, అడిగే నోరు కూడా మూతపడుతుంది.

చట్టం మన వైపే ఉంది. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం మనుషుల మందులకే కాదు, జంతువుల మందులకూ వర్తిస్తుంది. రోగం తగ్గిస్తుందని చెప్పి అమ్మితే అది మందే, లైసెన్సు ఉండాల్సిందే. మందుల గురించి జనాన్ని మోసం చేసే ప్రకటనల మీద 1954 నాటి చట్టం ఉంది, అది కూడా జంతువుల మందులను కలుపుకునే రాశారు. విత్తనాల ప్యాకెట్ కొంటే లాట్ నంబరు చూస్తాం, బిల్లు అడుగుతాం. జీవం నోట్లో పోసేదానికి అడగమా?

అందుకే ఈసారి సీసా పట్టుకుని ఎవరైనా వస్తే ఈ ఐదు మాటలు అడగండి:

1. తయారీ లైసెన్సు నంబరు ఏది?
2. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఎక్కడ?
3. ఏ రోగానికి, ఎంత బరువు జీవానికి ఎంత మోతాదు?
4. బిల్లు ఇస్తావా?
5. జీవం చస్తే నీ ఫోను ఎత్తుతావా?

మా ఊరికి వచ్చినతన్ని నేను మొదటి రెండు అడిగేసరికే బైకు స్టార్టు చేసినాడు.

జీవానికి బాగలేకపోతే ముందు 1962కు ఫోను చెయ్యండి, డబ్బులు పడవు. సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఆలస్యమైతే మళ్ళీ చెయ్యండి, చేసిన టైము రాసి పెట్టుకోండి, రేపు అడగడానికి పనికొస్తుంది. ఊళ్ళో రైతు సేవా కేంద్రం ఉంటే అక్కడి పశుసంవర్ధక సహాయకుణ్ణి పిలవండి. వాళ్ళు వచ్చేలోపు జీవాన్ని నీడన కట్టండి. వాంతులు లేకపోతే శుభ్రమైన నీళ్ళు ముందు పెట్టండి. ఎప్పటి నుంచి మేత మానింది, ఏం తిన్నది, ఎన్నిసార్లు పారింది, గుర్తు పెట్టుకోండి. డాక్టరుకు సగం పని అక్కడే అవుతుంది.

మన చుట్టుపక్కల ఊళ్ళ గ్రూపుల్లో ఆ మెసేజ్ కనిపిస్తే, దాని కిందనే ఈ పోస్టు పెట్టండి. తిట్టేవాళ్ళు నన్నే తిడతారు, ఫర్వాలేదు. వానలు మొదలు కాకముందే టీకాలు వేయించండి.